ఆఖరి పేపరు

అమెరికాలో, అరిజోనాలోని ఒక బడిలో టీచరుగా చేరిన మూడో వారం. ఎనిమిదో తరగతి లెక్కల పేపర్లు దిద్ది, మన బడుల్లో పంచినట్టే పంచాను. ఎక్కువ మార్కుల దగ్గర మొదలెట్టి, పేరూ మార్కూ చదువుకుంటూ కిందికి. సాయంత్రం వైస్ ప్రిన్సిపాల్ పిలిచారు. గొంతు పెంచలేదు, కూర్చోమని నీళ్ల సీసా కూడా ఇచ్చారు. "ఒకరి మార్కులు ఇంకొకరి ముందు చదవకూడదు. చివర పిలిచిన అమ్మాయి రెండు పీరియడ్లు కౌన్సెలర్ గదిలోనే ఉండిపోయింది" అన్నారు. పిల్లల రికార్డులు బయటపెట్టకుండా ఇక్కడ 1974 నుంచీ ఫెర్పా అని చట్టం ఉంది. మొదటి రోజుల ట్రైనింగులో చెప్పారు. అదేదో ఆఫీసు ఫైళ్ల గొడవ అనుకున్నాను.

ఒళ్లు మండింది. తొమ్మిదేళ్లు శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలో పాఠాలు చెప్పినవాణ్ణి. మన దగ్గర మాస్టారికి ప్రతి పిల్లాడి ఇల్లూ తెలుసు. ఎవడి నాన్న చెన్నైలో బిల్డింగు పనికి వెళ్లాడో, ఎవడు నాయనమ్మ దగ్గర ఉంటున్నాడో అడగక్కర్లేదు. "గుంటడు మాట వినడు బావూ, నాలుగు తగిలించండి" అని ఆవిడే చెప్పిపోతుంది. ఇక్కడ క్లాసు మూలన మెత్తటి దిండూ ఇసుక గడియారమూ పెట్టారు, మనసు బాగోలేని పిల్లలు కాసేపు కూర్చోడానికి. కానీ ఆ పిల్ల ఏ వీధిలో ఉంటుందో బడిలో ఎంతమందికి తెలుసు? ఇదంతా ఆ రాత్రి ఫోన్లో మా పాత స్టాఫ్ రూం మిత్రుడికి చెప్పాను. "భయం లేకపోతే చదువెలాగ వస్తాది మాస్టారూ?" అన్నాడు. ప్రాణం లేచొచ్చింది.

ఫోన్ పెట్టేశాక ఒకడు గుర్తొచ్చాడు. వాళ్ల నాన్నకి కిడ్నీలు పోయాయి. మా కవిటి వైపు ఉద్దానం ఊళ్లలో కిడ్నీ జబ్బు వింత కాదు కదా. డయాలసిస్ రోజున తోడుగా వాడే సోంపేట వెళ్లేవాడు, ఆ రోజు బడి ఎగిరిపోయేది. ఆఖరి పేపరు ఎప్పుడూ వాడిదే. నా చేతిలో ఒక్కటి మిగలగానే, పేరు పిలవకముందే లేచి వచ్చేసేవాడు. క్లాసంతా నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి, వాడూ నవ్వేవాడు కాబట్టి.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. అందులో 17వ సెక్షన్ కొట్టడంతో పాటు మానసికంగా వేధించడమూ కూడదంటుంది. బెత్తం ఏనాడో మానేశాను గనక చట్టం ప్రకారమే నడుస్తున్నాననుకున్నాను. ఇక్కడి కౌన్సెలర్‌కి ఆ అమ్మాయి ఇల్లు తెలియదు, పిలిచి కూర్చోబెట్టి అడిగింది. వాడి ఇంటి సంగతి నాకంతా తెలుసు. ఏమీ అడగలేదు.

ఇప్పుడు పేపర్లు బోర్లా పెట్టి, ఒక్కో బల్ల మీదా ఉంచి వస్తున్నాను. పిల్లలు మూల మాత్రం ఎత్తి చూసుకుని మూసేస్తారు. రాత్రి దిద్దేటప్పుడు మాత్రం చెయ్యి ఊరుకోదు, మార్కుల వరసలోనే పేర్చుతుంది. పొద్దున్న బడికెళ్లాక పేకముక్కల్లా కలిపేస్తాను.