చుక్కకి నలత చేసినప్పుడు డాక్టర్‌కి ఎప్పుడు ఫోన్ చేశానంటే

గుర్రాన్ని సాకే ప్రతి ఒక్కరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఇది. ఒళ్ళు చీరుకుపోయి రక్తం కారుతుంటే ఎవరూ ఆలోచించరు, వెంటనే ఫోన్ తీస్తారు. కష్టమంతా మధ్యరకం నలతతోనే. గుర్రం నిలబడే ఉంటుంది, గాయం ఉండదు, కుంటదు, కానీ చూస్తే ఎందుకో తేడాగా అనిపిస్తుంది. ఇప్పుడే డాక్టర్‌ని పిలవాలా, కాసేపు చూడాలా? మా చుక్కకి (నుదుటి మీద తెల్లమచ్చ ఉందని ఆ పేరు) పేగులో మేత గడ్డకట్టినప్పుడు నాకూ ఇదే ప్రశ్న వచ్చింది. అది పూర్తిగా కోలుకుంది. ఆ రోజు ఏం చూశాను, ఏ లెక్క మీద ఫోన్ చేశాను అన్నది వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే నాకు అప్పుడు కావలసింది సరిగ్గా ఇలాంటి వివరమే.

చలి బాగా ముదిరిన రోజులవి. మామూలుగా దాణా బకెట్ చప్పుడు వినగానే సకిలించే చుక్క ఆ పొద్దున లాయంలో వెనక మూల నిలబడి ఉంది. దాణా దగ్గరికి వచ్చింది, ఒక నోరు తీసుకుంది, వదిలేసింది. కాసేపటికి పై పెదవి పైకి మడిచింది, తర్వాత తల తిప్పి ఎడమ డొక్క వైపు చూసుకుంది. రాత్రి వేసిన ఎండుగడ్డిలో సగం అలాగే ఉంది, నీళ్ళ తొట్టి దాదాపు నిండుగా ఉంది. లద్దె ఉండాల్సిన దానికంటే తక్కువ, ఉన్న ఉండలు కూడా చిన్నవిగా, గట్టిగా, పైన జిగురు పొరతో ఉన్నాయి. వీటిలో ఏ ఒక్కటీ విడిగా చూస్తే పెద్ద విషయంలా అనిపించదు. పెదవి మడవడం ఆరోగ్యంగా ఉన్న గుర్రమూ చేస్తుంది, ఒక పూట దాణా వదిలేసిన గుర్రమూ ఉంటుంది. అన్నీ ఒకే పొద్దున కనిపించేసరికి టెన్షన్ మొదలైంది.

ఇలాంటప్పుడు కంటితో చూస్తూ కూర్చుంటే మనసు రెండు వైపులా లాగుతుంది, అందుకే లెక్కలు తీసుకోవాలి. పెద్ద గుర్రం ఊరికే నిలబడి ఉన్నప్పుడు గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది, ఊపిరి 8 నుంచి 16 సార్లు, ఒంటి వేడి సుమారు 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. స్టెతస్కోప్ ఉంటే ఎడమ మోచేయి వెనక పెట్టి వినొచ్చు, లేకపోతే దవడ ఎముక కింద అడ్డంగా వెళ్ళే రక్తనాళం మీద వేళ్ళు పెట్టి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించాలి. చుక్క ఆరోగ్యంగా ఉన్నప్పుడు దాని నాడి 34 దగ్గర ఉంటుందని నాకు తెలుసు, అప్పుడప్పుడూ చూసి రాసిపెట్టుకున్నాను కాబట్టి. ఆ పొద్దున 48 ఉంది. ఈ రెండో అంకె ఎంత ముఖ్యమో మొదటిది అంతకంటే ముఖ్యం, మామూలు రోజుల్లో మన గుర్రం నాడి ఎంతో తెలియకపోతే 48 చూసి ఏమనుకోవాలో కూడా తెలియదు. జ్వరం లేదు. చిగుళ్ళు గులాబీరంగులోనే ఉన్నాయి, వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపే రంగు తిరిగి వచ్చింది, కానీ తడి తక్కువగా, వేలికి అంటుకుంటున్నట్టు ఉన్నాయి. డొక్కకి చెవి ఆనిస్తే మామూలుగా దూరంగా ఉరిమినట్టు వినిపించే పేగుల చప్పుడు ఎడమ వైపు బాగా తగ్గిపోయింది. కడుపునొప్పిలో ఎక్కువ చప్పుడు కంటే నిశ్శబ్దమే ఎక్కువ భయపెట్టాలి.

అప్పుడే ఫోన్ చేశాను. అది విలవిల్లాడట్లేదు, నేల మీద పొర్లట్లేదు, చెమట పట్టలేదు. ఇవన్నీ వచ్చేదాకా ఆగాలని చాలామంది అనుకుంటారు, నేను అనుకోను. ఫోన్ చేసినంత మాత్రాన డాక్టర్ వెంటనే బండెక్కి రావాలని లేదు కదా, రావాలో లేదో ఆయన తేలుస్తారు, ఆయనకి కావలసిన వివరాలు ఇవ్వడం మన పని. ఆ రోజు ఆయన అడిగినవన్నీ నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. నాడి ఎంత, చిగుళ్ళు ఎలా ఉన్నాయి, చివరిసారి లద్దె ఎప్పుడు వేసింది, నీళ్ళు తాగిందా, మేత ఏమైనా మార్చారా అని వరసగా అడిగి, "మేత మొత్తం తీసేయండి, నీళ్ళు ఉంచండి, నొప్పికి మీరేమీ ఇవ్వకండి, నేను వస్తున్నాను" అన్నారు.

నొప్పికి మనమే ఏదో ఒకటి ఇచ్చేయడం గురించి కొంచెం చెప్పాలి. చాలా లాయాల్లో ఫ్లూనిక్సిన్ లాంటి మందు ఉంటుంది, చెయ్యి దాని మీదికే పోతుంది. అది నొప్పిని అణిచేస్తుంది, పేగు మెలిపడి ఉంటే ఆ మెలిక అలాగే ఉంటుంది, డాక్టర్ వచ్చి చూసేసరికి గుర్రం ప్రశాంతంగా కనిపిస్తుంది, ఆ మధ్యలో విలువైన గంటలు పోతాయి. పైగా ఆ మందుని కండలోకి ఇంజెక్షన్‌గా ఇస్తే ఆ చోట ప్రాణం మీదికి తెచ్చే ఇన్ఫెక్షన్ వచ్చిన గుర్రాలు ఉన్నాయి. నోట్లో నూనె పోయడం ఇంకా ప్రమాదం, అది ఊపిరితిత్తుల్లోకి వెళ్ళొచ్చు. డాక్టర్ చెబితే ఇవ్వండి, ఆయన చెప్పినంతే ఇవ్వండి.

ఆయన వచ్చేలోపు చుక్క రెండు మూడుసార్లు ముందుకాలితో నేల గీరింది, పడుకోబోయింది. పొర్లబోతుందేమో అనిపించినప్పుడు మెల్లగా నాలుగడుగులు నడిపించాను. కదలకుండా పడుకుని ఉంటే మాత్రం పడుకోనివ్వాలి. నొప్పితో ఉన్న గుర్రాన్ని గంటల తరబడి నడిపించి అలసిపోయేలా చేయడం వల్ల దానికి ఏ మేలూ జరగదు.

డాక్టర్ వచ్చి ముందు నాడి మళ్ళీ లెక్కపెట్టారు. పేగుని సడలించే ఇంజెక్షన్ ఇస్తే గుండె వేగం కాసేపు పెరుగుతుందట, అందుకే అసలు అంకె ముందే కావాలి. తర్వాత పొడుగాటి గ్లౌజు వేసుకుని వెనకనుంచి లోపల చెయ్యి పెట్టి చూశారు. గుర్రం పెద్దపేగు కటి దగ్గర వెనక్కి మడత తిరిగి సన్నబడుతుంది, అక్కడే మేత గట్టిపడి ఆగిపోయింది. చలికి నీళ్ళు తాగడం తగ్గితే తరచుగా జరిగేది ఇదే. ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేశారు. గుర్రానికి వాంతి చేసుకోవడం కుదరదు, దాని కడుపు ఆ ఒంటికి చాలా చిన్నది, 8 నుంచి 15 లీటర్లు పడుతుంది అంతే, కింద దారి మూసుకుపోతే పైన ద్రవం నిండి కడుపు పగిలిపోయే ప్రమాదం ఉంటుంది. గొట్టం వేయగానే వెనక్కి ఏమీ రాకపోవడం ఆ రోజు మాకు దొరికిన మొదటి మంచి కబురు. అదే గొట్టంలోంచి ఉప్పులు కలిపిన నీళ్ళు పోశారు, నరంలోకి నొప్పి మందు ఇచ్చారు.

వెళ్ళేముందు ఆయన అడిగిన ప్రశ్న ఒకటి ఉంది. "ఒకవేళ ఆపరేషన్ దాకా వెళ్ళాల్సి వస్తే ఒప్పుకుంటారా? ఇప్పుడే ఆలోచించుకోండి." మందు పనిచేయాల్సిన సమయంలోనే నొప్పి మళ్ళీ వచ్చినా, నాడి 60 దాటినా, చిగుళ్ళ రంగు మారినా వెంటనే చెప్పమన్నారు. ఎక్కువ కడుపునొప్పులు మందులతోనే తగ్గుతాయని తెలిసినా ఆ ప్రశ్న వినగానే కాళ్ళలో బలం పోయింది. కానీ అడిగినందుకు ఇప్పటికీ ఆయనకి రుణపడి ఉన్నాను. అర్ధరాత్రి గుర్రం నేల మీద కొట్టుకుంటుంటే అలాంటి నిర్ణయం ఎవరూ సరిగ్గా తీసుకోలేరు. ఇంట్లో అందరం కూర్చుని మాట్లాడుకున్నాం, బండి సిద్ధంగా ఉంచుకున్నాం.

ఆ రాత్రి లాయం దగ్గరే ఉన్నాను. కొంత సమయానికోసారి నాడి, చిగుళ్ళు, పేగు చప్పుడు చూసి కాగితం మీద రాసుకుంటూ పోయాను. నాడి మెల్లగా దిగింది. మర్నాడు డాక్టర్ మళ్ళీ వచ్చి గొట్టంతో ఇంకోసారి నీళ్ళు పోశారు. ఆ తర్వాత చుక్క లద్దె వేసింది, మెత్తగా, బోలెడంత. గుర్రపు లద్దె చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నానంటే గుర్రాలు లేనివాళ్ళకి అర్థం కాకపోవచ్చు.

కోలుకోవడం తొందరగా జరగలేదు. ఆకలి తిరిగి రాగానే కడుపు నిండా పెట్టాలనిపిస్తుంది, అది చేయకూడదు. నానబెట్టిన గడ్డి పిడికెడు పిడికెడుగా మొదలుపెట్టి, లద్దె చూసుకుంటూ పెంచాం. చలిలో గోరువెచ్చని నీళ్ళు పెడితే గుర్రాలు ఎక్కువ తాగుతాయి, అప్పటినుంచి అదే చేస్తున్నాం. పళ్ళు కూడా చూపించాం, లోపలి దవడపళ్ళ అంచులు పదునుగా పెరిగి గడ్డిని సరిగ్గా నమలలేకపోతోందని తేలింది. వాటిని అరగదీయించాక తినే తీరే మారిపోయింది.

ఆ తర్వాత ఒకసారి చుక్క మళ్ళీ దాణా వదిలేసింది. ఈసారి డొక్క చూసుకోవడం లేదు, లద్దె బాగానే ఉంది, పేగు చప్పుడు బాగానే ఉంది, కానీ థర్మామీటర్ 39.3 చూపించింది. అదే పొద్దున ఫోన్ చేసి చెప్పాను, మిగతా గుర్రాల నుంచి విడిగా ఉంచమన్నారు, వచ్చి చూసి వైరస్ జలుబు అన్నారు, విశ్రాంతితో తగ్గింది. బయటికి రెండుసార్లూ ఒకేలా కనిపించింది, దాణా తినని గుర్రం. తేడా చెప్పింది థర్మామీటరూ స్టెతస్కోపూ.

నా లెక్క ఇప్పుడు ఇలా ఉంది. ఒక్క చిన్న గుర్తు మాత్రమే ఉండి, అంకెలన్నీ మామూలుగా ఉంటే, మేత తీసేసి ఒక గంట చూస్తాను, ఆ గంట ఎప్పుడు అయిపోతుందో గడియారం చూసి ముందే అనుకుంటాను. గంట తర్వాత మెరుగు కనిపించకపోతే ఫోన్. రెండు మూడు గుర్తులు కలిసి వచ్చినా, నాడి దాని మామూలు కంటే బాగా పెరిగినా గంట కూడా ఆగను. పొర్లుతుంటే, చెమటలు పడుతుంటే, చిగుళ్ళు పాలిపోయినా ముదురు ఎరుపుకి తిరిగినా, ముక్కులోంచి మేత కారుతున్నా, కన్ను నొప్పితో మూసుకున్నా, గిట్టలు వేడెక్కి అడుగు వేయడానికి వెనకాడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా ఆలోచించేదే లేదు. పిల్లగుర్రం పాలు తాగడం మానేస్తే అంతకంటే తొందర, వాటికి గంటల్లోనే పరిస్థితి చేయిదాటుతుంది. గాడిదలు, పొట్టి గుర్రాలు ఉన్నవాళ్ళు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. గాడిద నొప్పిని పెద్దగా బయటపడనివ్వదు, పైగా ఈ రెండిటికీ మేత మానేస్తే ఒంట్లో కొవ్వు రక్తంలోకి విపరీతంగా చేరి అదే వేరే జబ్బవుతుంది. వాటి విషయంలో "ఊరికే డల్‌గా ఉంది" అన్నదే ఫోన్ చేయడానికి సరిపోతుంది.

లాయం తలుపు లోపలివైపు ఒక పలక తగిలించాం. చుక్క మామూలు నాడి, ఊపిరి, వేడి, రోజుకి సుమారు ఎన్నిసార్లు లద్దె వేస్తుంది, కింద డాక్టర్ నంబరు, ఆయన దొరక్కపోతే పిలవాల్సిన రెండో డాక్టర్ నంబరు. నేను లేనప్పుడు చూసుకునే అబ్బాయికి నాడి చూడటం నేర్పాను, అనుమానం వస్తే నన్ను అడగకుండా నేరుగా డాక్టర్‌కే ఫోన్ చేయమని చెప్పి ఉంచాను.