వై నొక్కితే జెడ్ పడింది: నా బీటా టెస్టింగ్ లాగ్

ఒక లినక్స్ డిస్ట్రో (విండోస్‌లాగా కంప్యూటర్‌ని నడిపే లినక్స్‌ని సాఫ్ట్‌వేర్లతో కలిపి ఇచ్చే ప్యాకేజీ) కొత్త వెర్షన్‌ని విడుదలకు ముందే పరీక్షించే పనిలో ఐదు వారాలుగా ఉన్నాను. జీతం లేదు, గడువు మాత్రం ఉంది. ఏ డిస్ట్రో అన్నది చెప్పను. ఇంకా బయటికి రానిదాని తప్పుల్ని పేరు పెట్టి ఏకరువు పెట్టడం నాకు నచ్చదు. ప్రోగ్రామింగ్ నాకు పెద్దగా రాదు, ఇప్పటిదాకా దాని అవసరమూ పడలేదు.

మొదటి వారం

పరీక్ష కోసం పాత లాప్‌టాప్ ఒకటి విడిగా పెట్టుకున్నాను. 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ. అందులో నా ఫొటోలు, మెయిల్, పాస్‌వర్డులు ఏవీ లేవు. డేటా పోతుందన్న భయంతోనే కాదు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ టూల్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి ఉందని బయటపడింది గుర్తుందా? ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, ఎస్‌ఎస్‌హెచ్ (వేరే కంప్యూటర్‌లోకి నెట్‌వర్క్ మీద వెళ్లే పద్ధతి) లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందేమిటా అని తవ్వితే దొరికింది. డెబియన్ అనే డిస్ట్రోలో స్టేబుల్, అంటే పూర్తిగా విడుదలైన వెర్షన్, వాడేవాళ్ల దాకా అది రానే లేదు. ఇంకా తయారీలో ఉన్న టెస్టింగ్, అన్‌స్టేబుల్ వాడేవాళ్లకి వచ్చేసింది, అంటే నాలాంటివాళ్లకి. ఆ దెబ్బకి ఉబుంటు అనే మరో డిస్ట్రో 24.04 బీటా కూడా వారం ఆలస్యమైంది.

రోజూ తయారయ్యే ఐఎస్ఓ ఇమేజ్ (ఇన్‌స్టాల్ చేయడానికి కావలసినదంతా ఉన్న ఒకే ఫైలు) దించుకోవడం, ఫైలు చెడకుండా వచ్చిందో లేదో తేల్చే షా256 చెక్‌సమ్ సరిచూడటం, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడం. ఇదే దినచర్య. చెక్‌సమ్ ఎందుకులే అని ఒకరోజు వదిలేశాను. ఇన్‌స్టాల్ సగంలో ఆగితే పెద్ద బగ్ పట్టానని పొంగిపోయాను. తీరా చూస్తే డౌన్‌లోడే సగం వచ్చింది.

ఎక్కించడానికి డీడీ కమాండ్ వాడతాను. దానికి ముందు డిస్కుల జాబితా చూపే ఎల్‌ఎస్‌బీఎల్‌కే కమాండ్ కొట్టి, డిస్కుల సైజులు చూసి, పెన్‌డ్రైవ్ ఏదో రెండుసార్లు తేల్చుకుంటాను. కిందటేడు ఇలా చూసుకోకే ఒక బ్యాకప్ డిస్కు మీద ఐఎస్ఓ ఎక్కించేశాను. దాని గురించి ఇంతకంటే రాయలేను.

వర్చువల్ మెషిన్, అంటే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఉత్తుత్తి కంప్యూటర్, కూడా పెట్టుకున్నాను. ఇన్‌స్టాలర్‌ని పదిసార్లు నడపాలంటే అదే సుఖం. కానీ వైఫై, టచ్‌ప్యాడ్, మూత వేస్తే నిద్రపోవడం లాంటివి అందులో తేలవు. వాటికి నిజం మెషిన్ కావలసిందే.

రెండో వారం

చెప్పుకోదగ్గది ఏమీ దొరకలేదు. డిస్కు మొత్తం ఇచ్చేసి ఒకసారి, నెట్ లేకుండా ఒకసారి, వేరే ఓఎస్ పక్కన ఒకసారి ఇన్‌స్టాల్ చేశాను. మూడూ పాస్. పాస్ అని రాయడం బోరు కొట్టే పనే గానీ అది కూడా రిపోర్టే. డెబియన్ వాళ్లయితే ఇన్‌స్టాల్ సాఫీగా జరిగినా రిపోర్టు పంపమనే అడుగుతారు.

తెలుగు టైపింగ్ కూడా చూశాను. క్ష్మ, స్త్ర్య లాంటి ఒత్తులు, జ్ఞా దగ్గర కంటికి కనపడని సున్నా వెడల్పు అక్షరం ఇరికించి ఒకటి. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లని క్రాష్ చేసింది మన జ్ఞానే కదా, ఐఓఎస్ 11.2.6 వచ్చేదాకా. ఇక్కడ ఏమీ కాలేదు. కొంచెం నిరాశపడ్డానని ఒప్పుకోవాలి.

మూడో వారం

టెస్టుల పట్టికలో ఒక గడి ఖాళీగా ఉంది: యూఎస్ కాని కీబోర్డు, డిస్కు ఎన్‌క్రిప్షన్‌తో (డిస్కుకి తాళం వేయడంతో) కలిపి. ఎవరూ ముట్టుకోలేదు. నేను జర్మన్ లేఅవుట్ పెట్టి మొదలుపెట్టాను. ఇన్‌స్టాల్ అయింది, రీబూట్ చేశాను, డిస్కు తాళం తీసే పాస్‌వర్డు, అంటే పాస్‌ఫ్రేజ్, కొట్టాను. తప్పు అంది. మళ్లీ కొట్టాను. మళ్లీ తప్పే.

అప్పుడు నేను రాసిన రిపోర్టు చూస్తే ఇప్పుడు సిగ్గేస్తుంది. "పాస్‌ఫ్రేజ్ తీసుకోవట్లేదు", అంతే. క్యాప్స్ లాక్ చూశారా అని ఎవరో మర్యాదగా అడిగారు. అడగరా మరి.

రాత్రి పడుకోబోతుంటే తట్టింది. జర్మన్ లేఅవుట్‌లో వై, జెడ్ కీలు తారుమారు. నా లాప్‌టాప్ కీల మీద ముద్రించి ఉన్నది యూఎస్ అక్షరాలు. ఇన్‌స్టాలర్‌లో నేను వై నొక్కినప్పుడు లోపల పడింది జెడ్. బూట్ అయ్యేటప్పుడు అదే కీకి వై పడుతుంటే? లేచి వెళ్లి, వై ఉన్నచోటల్లా జెడ్ నొక్కాను. డిస్కు తెరుచుకుంది.

అంటే ఇన్‌స్టాలర్ జర్మన్‌లో ఉంది, బూట్ తెర యూఎస్‌లో ఉంది. డిస్కు తాళం తీయడానికి ముందే లేచే చిన్న వ్యవస్థ ఒకటుంటుంది, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ అంటారు. కీబోర్డు సెట్టింగ్ దాంట్లో విడిగా ఉంటుంది. అక్కడికి జర్మన్ చేరలేదు.

మర్నాడు వర్చువల్ మెషిన్‌లో సరిగ్గా చేశాను. వై ఉన్న పాస్‌ఫ్రేజ్‌తో మూడుసార్లు: మూడూ ఫెయిల్. వై, జెడ్ రెండూ లేకుండా మూడుసార్లు: మూడూ పాస్. జర్మన్‌లో గుర్తులు కూడా చోటు మారతాయి కాబట్టి ఉత్త అక్షరాలే వాడాను. ఈసారి రిపోర్టులో ఇమేజ్ తేదీ, యూఈఎఫ్‌ఐ మోడ్ (మెషిన్ బూట్ అయ్యే పద్ధతి), ఒక్కో అడుగు, రావలసింది, వచ్చింది, ఎన్నిట్లో ఎన్నిసార్లు, అన్నీ రాశాను.

డెవలపర్ నుంచి జవాబు: "నా దగ్గర రావట్లేదు." ఒళ్లు మండింది. తర్వాత ఆయన రాసిన అడుగులు, నావి పక్కపక్కన పెట్టుకుని చదివాను. ఆయన మొదటి పేజీలోనే జర్మన్ ఎంచుకున్నారు. నేను యూఎస్‌తో ముందుకెళ్లి, గుర్తొచ్చి, వెనక్కొచ్చి మార్చాను. తేడా అంతా ఆ వెనక్కి రావడంలో ఉంది. నా రిపోర్టులో ఆ ముక్కే లేదు, అదొక అడుగని నాకు తోచనే లేదు కాబట్టి. అది చేర్చిన రెండు గంటల్లో ఆయనకీ వచ్చింది.

నాలుగో వారం

ఫిక్స్ చేరిన ఇమేజ్ వచ్చింది. మళ్లీ ఆరుసార్లు ఇన్‌స్టాల్ చేశాను. వెనక్కొచ్చి మార్చినా పాస్. ఫ్రెంచ్ లేఅవుట్‌లో ఏ, క్యూ తారుమారవుతాయి కాబట్టి దాంతోనూ చూశాను, పాస్. బగ్ మూసేశారు.

ఇప్పుడు ఫ్రీజ్ నడుస్తోంది, అంటే కొత్తవేవీ చేర్చరు, ముఖ్యమైన ఫిక్స్‌లు మాత్రమే. ఏది విడుదలని ఆపేంత బగ్ అన్నది ప్రతి డిస్ట్రోలో పెద్ద వాదనే. ఫెడోరాలో దానికి ముందే రాసిపెట్టిన ప్రమాణాలుంటాయి, గో/నో-గో అని సమావేశం పెట్టి తేలుస్తారు. ఉబుంటు 2006లో ఏప్రిల్‌లో రావలసింది జూన్‌కి జరిగింది. వాళ్ల వెర్షన్ నంబరే ఏడాది, నెల కాబట్టి 6.06 అనే అంకె ఆ ఆలస్యాన్ని ఇప్పటికీ మోస్తోంది.

ఐదో వారం

ఇంకా తేలనిది ఒకటుంది. మూత తెరిచాక ఒక్కోసారి తెర నల్లగానే ఉంటోంది. 40 సార్లలో 3 సార్లు. మొదటిసారి పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేశాను. రెండోసారి బుద్ధి వచ్చి, వేరే కంప్యూటర్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో లోపలికి వెళ్లి చూస్తే మెషిన్ బతికే ఉంది, తెర ఒక్కటే లేవలేదు. లాగ్‌లు అలాగే లాక్కున్నాను. ఎస్‌ఎస్‌హెచ్ ముందే ఆన్ చేసి ఉంచుకోవాలి, తెర పోయాక చేయలేం.

ఆర్‌టీసీవేక్ అనే కమాండ్ ఉంది. మెషిన్‌ని నిద్రపుచ్చి, చెప్పినన్ని సెకన్లకి తనే లేపుతుంది. దాన్ని లూప్‌లో పెట్టి వదిలేస్తే 50కి 50 సార్లు బాగానే లేచింది. అంటే తంటా అంతా మూతతోనే ఉన్నట్టుంది. కాబట్టి చేత్తోనే వేయాలి, తీయాలి.

ఇది కొత్తగా వచ్చిందా, పాతదేనా అన్నది అడిగారు. పాత వెర్షన్‌లోనూ ఉంటే విడుదల దీని కోసం ఆగదు. అందుకని కిందటి వెర్షన్ కెర్నల్ (హార్డ్‌వేర్‌ని నడిపే లినక్స్ అసలు భాగం) వేసి మళ్లీ 40 లెక్కపెడుతున్నాను. ఇప్పటికి 22 అయ్యాయి, ఒక్కసారీ తెర పోలేదు. ఇమేజ్ ఖాయం చేయడానికి మూడు రోజులుంది.