మొప్ప రేకులు

స్లైడు మీద చేప మొప్ప ముక్క, నీటిలోని లోహాల కాలుష్యం జాడ కోసం చూస్తున్నాను. దువ్వెన పళ్లలా విడివిడిగా ఉండాల్సిన సన్నటి రేకులు అతుక్కుపోయి, పైన జిగురు దట్టంగా పట్టేసింది. ఈరోజు చూసిన ఈ చేప బయటికి మాత్రం నిగనిగలాడుతూనే ఉంది.

సముద్రపు చేప నిత్యం ఉప్పునీరు తాగుతూ, ఎక్కువైన ఉప్పును మొప్పల్లోంచి బయటికి తోసేస్తుంటుంది. ఆ పని నడిపే సోడియం-పొటాషియం పంపును, అంటే కణాల పొరల్లో ఉప్పు అయాన్లను అటూ ఇటూ తోసే ప్రోటీన్‌ను, నీటిలో కలిసిన రాగి దెబ్బతీస్తుంది. తాగిన నీటితో పేగుల్లోకీ లోహం చేరుతుంది.

అలాగని రేకులు చూసి రాగి పనే అని తేల్చేయకూడదు. అమ్మోనియా, పరాన్నజీవులు కూడా ఇలాగే చేస్తాయి. చేప ఒంట్లో లోహం ఎంతుందో కొలవాల్సిందే.

కండ ఒక్కటే కొలిచి "బాగానే ఉంది" అనేస్తే కాడ్మియం అనే విష లోహం దొరకదు, బాధగా ఉంటుంది అలాంటి రిపోర్టులు చూస్తే. అది పేరుకునేది కాలేయం, మూత్రపిండాల్లో. మిథైల్ మెర్క్యురీ (పాదరసం తాలూకు విష రూపం) అలా కాదు, కండలోనే తిష్ఠ వేస్తుంది, మెదడుకూ పాకుతుంది. ఇతర చేపలను తినే పెద్ద చేపల్లో మరీ ఎక్కువ.

మొప్ప, కాలేయం, మూత్రపిండం, కండ దేనికది విడిగా తీయండి. ఆ ముక్కలు వేసే సీసాలు ముందే రాత్రంతా 10 శాతం నైట్రిక్ ఆమ్లంలో నానాలి, తర్వాత అయాన్లు తీసేసిన నీటితో కడగాలి. స్టీలు కత్తెర నుంచి క్రోమియం, నికెల్ అంటుకోవచ్చు, సిరామిక్ కత్తి మేలు.