గంటా పావు ఫ్లైటే, మరి ఐదు గంటలు ఎందుకవుతుంది?

హైదరాబాద్ నుంచి వైజాగ్ ఎంత దూరమని ఫోన్‌లో వెతికితే ఒక్కో చోట ఒక్కో అంకె కనిపిస్తుంది, విచిత్రమేంటంటే అన్నీ కరెక్టే. గాల్లో తిన్నగా కొలిస్తే సుమారు 510 కి.మీ., రోడ్డు మీద 600 దాటుతుంది, సికింద్రాబాద్ నుంచి కాజీపేట, విజయవాడ తిరిగి వెళ్లే రైలుకైతే దాదాపు 700.

టికెట్ మీద గంటా పావో, గంటా ఇరవై నిమిషాలో ఉంటుంది. అది గాల్లో ఉండే టైమ్ కాదు. ఇక్కడ గేటు దగ్గర విమానం కదిలినప్పటి నుంచి అక్కడ ఆగేదాకా లెక్క, అంటే రన్‌వే దాకా పాక్కుంటూ పోయేది, క్యూలో ఆగేది కూడా అందులోనే. జెట్ విమానం పైన గంటకి 800 కి.మీ. పైనే పోతుంది గానీ ఈ రూట్‌లో ఆ స్పీడ్ కాసేపే, పైకెక్కడం పూర్తయిన కొద్దిసేపటికే దిగడం మొదలుపెడుతుంది. పక్క సీటాయన కప్పు ఉప్మాలో వేడినీళ్లు పోయించుకుని, నానేదాకా ఆగి, రెండు స్పూన్లు తిన్నాడో లేదో, ట్రే మూసేయమని అనౌన్స్‌మెంట్! రాజమండ్రి చూడండి, గాల్లో 360 కి.మీ. మాత్రమే, కానీ రెక్కలకి పంకాలుండే చిన్న ఏటీఆర్ విమానం ఎక్కితే దానికీ గంట పైనే పడుతుంది.

అసలు కథ నేల మీద ఉంది. మాది కూకట్‌పల్లి. శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ దాదాపు 40 కి.మీ., ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కేదాకా ఎంతసేపో దేవుడికే తెలియాలి, అందుకే గంటన్నర పెట్టుకుంటాను. 2008కి ముందు ఊళ్లోని బేగంపేట పాత ఎయిర్‌పోర్ట్‌లో ఎక్కినవాళ్లు అదృష్టవంతులు. బ్యాగేజీ ఉంటే కౌంటర్ గంట ముందే మూసేస్తారు, కాబట్టి ఇంకో అరగంట ముందే అక్కడుండాలి. వైజాగ్‌లో దిగాక బెల్టు దగ్గర నిలబడి, క్యాబ్ పట్టుకుని, ఎన్‌ఏడీ జంక్షన్ దాటి ఎంవీపీ కాలనీ చేరేసరికి మొత్తం ఐదు గంటలు. మా పెద్దమ్మేమో నేను బయల్దేరానని ఫోన్ చేయగానే "గంటే కదరా, అన్నం పెట్టేయనా?" అంటుంది.

2023 జనవరిలో మొదలైన వందే భారత్ ఎనిమిదిన్నర గంటల్లో తీసుకెళ్తుంది. అంటే విమానంతో మిగిలేది ఏడు గంటలు కాదు, మూడున్నర. సికింద్రాబాద్, తార్నాక వైపు ఉండేవాళ్లకి ఆ తేడా ఇంకా తగ్గుతుంది. పైగా రైల్లో రాజమండ్రి దగ్గర గోదావరిని తీరిగ్గా చూడొచ్చు. రాత్రి పడుకుని పోయే అలవాటున్నవాళ్లకి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఉండనే ఉంది, నిద్రపోయిన గంటల్ని నేను ప్రయాణంలో కలపను. ఫ్లైట్ మాత్రం పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొచ్చే పనుంటేనో, టికెట్ బాగా చవగ్గా దొరికితేనో.

ఇక వైజాగ్ విమానాలు భోగాపురంలోని కొత్త ఎయిర్‌పోర్ట్‌కి మారితే ఈ లెక్కంతా మళ్లీ వేసుకోవాల్సిందే. అది వైజాగ్ నుంచి 45 కి.మీ. దాకా ఉంటుంది. విజయనగరం, శ్రీకాకుళం వాళ్లకి హాయి. గాజువాకలో ఉండేవాళ్లకి మాత్రం ఊరంతా దాటుకుని అవతలికి పోవాలి, అప్పుడు నేను వాళ్లకి దువ్వాడలో ఆగే రైలే చూసుకోమంటాను.