తమ్ముడికి గార్డియన్‌గా: ఐదు నెలలు తిరిగిన కథ

నాన్న పోయిన మూడో వారంలో తమ్ముణ్ణి తీసుకుని బ్యాంకుకు వెళ్లాను. నాన్న ప్రభుత్వ టీచర్‌గా రిటైరయ్యారు, అమ్మ అంతకుముందే పోయింది. కుటుంబ పెన్షన్ శ్రీనుకి రావాలంటే వాడి పేరు మీద ఖాతా ఉండాలి. వాడికి ముప్పై నాలుగేళ్లు, డౌన్ సిండ్రోమ్, అంటే పుట్టుకతో వచ్చిన మేధో వైకల్యం. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ కూడా ఉంది.

కౌంటర్‌లో ఉన్నాయన శ్రీను ముఖం ఒకసారి చూసి నా వైపు తిరిగాడు. "ఇలాంటి వాళ్లకు ఇవ్వడానికి లేదు మేడమ్, గార్డియన్‌షిప్ సర్టిఫికెట్ తెండి." శ్రీను సంతకం చేయగలడు. నాన్న రెండేళ్లు కూర్చోబెట్టి నేర్పించారు. వాడు చేత్తో పట్టుకున్న కాగితంలో ఆ సంతకం ఉంది, ఆయన చూడనే లేదు.

లాయరు గారేమో కోర్టుకు వెళ్దామన్నారు. వికలాంగుల సంక్షేమ శాఖ ఆఫీసులో ఒక గుమాస్తా మాత్రం, "కోర్టెందుకమ్మా, లోకల్ లెవెల్ కమిటీ ఉంది కదా" అన్నాడు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లకు జిల్లా స్థాయిలోనే గార్డియన్‌ను నియమిస్తారు. కమిటీకి పెద్ద కలెక్టరు. స్వచ్ఛంద సంస్థ తరఫున ఒకరు, వైకల్యం ఉన్న వ్యక్తి ఒకరు ఉంటారు. ఇది ముందే తెలిసుంటే లాయరు ఫీజు మిగిలేది.

కాగితాలన్నీ జమ చేశాను. దరఖాస్తుకు జతగా, "మా తమ్ముడి అన్ని వ్యవహారాలూ చూసే అధికారం నాకు ఇప్పించగలరు" అని లేఖ కూడా రాశాను. అప్పుడే మా అక్క కూతురు సెలవులకు వచ్చింది. హైదరాబాద్‌లో లా చదువుతోంది. లేఖ చదివి, "పిన్నీ, అన్నీ అంటే ఏంటి? మామయ్య ఏ చొక్కా వేసుకోవాలో కూడానా?" అంది. మర్నాడు ఒక వ్యాసం ప్రింటు తీసి నా చేతిలో పెట్టింది.

రాసినావిడ అమితా ధండా. హైదరాబాద్ శామీర్‌పేట దగ్గరున్న నల్సార్ లా యూనివర్సిటీలో చాలా ఏళ్లు ప్రొఫెసర్, అక్కడి వైకల్య అధ్యయన కేంద్రాన్ని నడిపారు. మానసిక అనారోగ్యం ఉన్నవాళ్లను మన చట్టాలు ఎలా చూశాయో 2000లోనే పెద్ద పుస్తకం రాశారు. 2006లో ఐక్యరాజ్య సమితి వికలాంగుల హక్కుల ఒప్పందం తయారవుతున్నప్పుడు, చట్టం దృష్టిలో అందరూ సమర్థులేనని చెప్పే 12వ అధికరణం మీద జరిగిన చర్చల్లో గట్టిగా పాల్గొన్నారు. నేను చదివిన వ్యాసం ఆ మరుసటేడు వచ్చింది.

ఇంగ్లీషు కష్టమే, పక్కన కూర్చుని అక్క కూతురు చెప్పింది. ఒక మనిషికి సామర్థ్యం లేదని చట్టం మూడు రకాలుగా తేలుస్తుందట. ముఖానికి ఉన్న ముద్ర చూసి, తీసుకున్న నిర్ణయం చూసి, లేదా బుర్ర ఎలా పనిచేస్తోందో పరీక్షించి. మొదటిది కౌంటర్ దగ్గర చూశాను. రెండోది ఇంట్లో నేనే చేస్తున్నాను. శ్రీను ఒకసారి ఐదు వందల నోటిచ్చి చిల్లర తీసుకోకుండా వచ్చాడు, అప్పట్నుంచి వాడి చేతికి డబ్బివ్వడం మానేశాను. చిట్టీ కట్టి నలభై వేలు పోగొట్టుకున్నది మాత్రం నేను. నా చేతిలోంచి పర్సు ఎవరూ లాక్కోలేదు.

సామర్థ్యం అందరికీ ఉంటుంది, కొందరికి తోడు కావాలి, తోడు కావాలన్నంత మాత్రాన హక్కు పోదు. ఇదీ ఆవిడ వాదం. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 13వ సెక్షన్ కూడా వికలాంగులు ఆస్తి ఉంచుకోవచ్చు, తమ డబ్బు తామే చూసుకోవచ్చు అంటుంది. 14వ సెక్షన్‌లో ఉన్నది పరిమిత గార్డియన్‌షిప్, అంటే ఇద్దరూ కలిసి నిర్ణయించుకోవడం. ఆవిడ మాట పూర్తిగా వింటే నేను ఆ సర్టిఫికెట్టే అడగకూడదు. కానీ పెన్షన్ ఆగిపోయి ఉంది, కౌంటర్ దగ్గర 12వ అధికరణం చదివితే ఎవరు వింటారు? దరఖాస్తు వెనక్కి తీసుకోలేదు. లేఖ మాత్రం చింపేసి, పెన్షన్, బ్యాంకు, ఆసుపత్రి, ఇంట్లో వాడి వాటా అని నాలుగు పనులు రాశాను.

మీటింగు రెండుసార్లు వాయిదా పడింది. మూడోసారి పిలిచారు. అందరూ నన్నే అడుగుతున్నారు. చివర్లో, కర్రలతో నడిచే సభ్యుడొకాయన వంగి, "శ్రీనూ, నీ డబ్బులు ఎవరి దగ్గర పెడదాం?" అన్నాడు. వాడు కాసేపు నన్ను చూశాడు. "అక్క దగ్గర," అన్నాడు. మళ్లీ ఆగి, "టీ డబ్బులు నా దగ్గర."

పన్నెండు రోజులకు సర్టిఫికెట్ వచ్చింది. గార్డియన్ అయినవాళ్లు ఆరు నెలల్లోపు ఆ వ్యక్తి ఆస్తుల జాబితా ఇవ్వాలి, ఏటా మార్చి దాటాక మూడు నెలల్లోపు లెక్కలు చూపాలి. ఇది చాలామంది మర్చిపోతారు. ఆ జాబితా నేను ఒక్కదాన్నే రాసేసేదాన్ని, ఈసారి శ్రీనుని పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఇంట్లో సగం వాటా, బ్యాంకు నిల్వ, అమ్మ గొలుసు.

"నా సైకిల్ రాయవా?" అన్నాడు.

నాలుగో నంబరు వేసి రాశాను. కింద వాడు సంతకం పెట్టాడు.