తొలిరోజు పెల్లెట్ ఇవ్వను

వేసవి సెలవులు కదా, విజయవాడలో మా షూటింగ్ రేంజ్‌కి కొత్త పిల్లలు వరసగా వస్తున్నారు. 2024 పారిస్ ఒలింపిక్స్ షూటింగ్‌లో మను భాకర్ రెండు కాంస్యాలు గెలిచిన సంగతి అందరికీ తెలుసు. వచ్చే పిల్లలందరిదీ ఒకటే తొందర: "ఎప్పుడు కాలుస్తాం సార్?"

తొలిరోజు పెల్లెట్, అంటే రైఫిల్‌లో వేసే చిన్న గుండు, ఇవ్వను. ఖాళీ రైఫిలే ఇస్తాను. ఖాళీదని నేను చెప్పినా నమ్మొద్దంటాను, తెరిచి వాళ్లే చూసుకోవాలి. లోపల పెల్లెట్ లేదని తెలిసేలా బ్యారెల్‌లో (గొట్టంలో) దూర్చే రంగు తీగ, అదే సేఫ్టీ ఫ్లాగ్, రెండు చివర్లా బయటికి కనబడాలి. గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. ఇవి త్వరగానే వస్తాయి.

కష్టమైంది ఇంకొకటి. వెనక నుంచి ఎవరైనా పిలిస్తే మనిషి చేతిలో ఉన్నదానితో సహా తిరుగుతాడు. అందరూ అంతే, పెద్దవాళ్లు కూడా. అందుకే కావాలనే వాళ్లను పేరు పెట్టి పిలుస్తుంటాను. బ్యారెల్ టార్గెట్ వైపే ఉంచి, గన్ బల్ల మీద పెట్టి, అప్పుడు తిరగాలి. అది అలవాటయ్యేదాకా పిలుస్తూనే ఉంటాను.

"ఎయిర్ రైఫిలే కదా సార్, ఇంత అవసరమా?" అని ఓ తండ్రి అడిగారు. అవసరమేనండీ. ఆ 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్ కంటికి తగిలితే చూపు పోతుంది.

రేపటి నుంచి మొదటి క్లాసులో తల్లిదండ్రులనూ కూర్చోబెడుతున్నాను. ఫోటో కోసం "ఇటు తిరుగు నాన్నా" అని పిలిచేది ఎక్కువగా వాళ్లే.