హిరోషిగె వాన కోసం హమాచో గట్టుకి

మా హాల్లో పదిహేనేళ్లుగా ఒక జపాన్ బొమ్మ పోస్టర్ ఉండేది. చెక్క వంతెన మీద జడివాన, గొడుగుల కింద నడుం వంచి పరుగెత్తే మనుషులు, గడ్డి చాప నెత్తిన కప్పుకున్న ఒకాయన, కింద ఏట్లో ఒంటరిగా తెప్ప నడిపేవాడు. హిరోషిగె అనే జపాన్ చిత్రకారుడు 1857లో వేసిన చెక్క అచ్చు బొమ్మ అది. మా అమ్మాయికి టోక్యోలో ఉద్యోగం రాగానే నాకు మొదట గుర్తొచ్చింది ఆ వంతెనే.

ముందు జింబోచో వెళ్లాం. పాత పుస్తకాల కొట్లు వరసగా ఉండే పేట అది. ఒక కొట్లో అదే బొమ్మ దొరికింది. 1857 నాటి అచ్చు కాదు, పాత పద్ధతిలోనే చెక్క మీద మళ్లీ చెక్కి చేత్తో వేసిన ప్రతి. ముఖం ఆనించినంత దగ్గరగా చూశాను. వెంట్రుకల్లాంటి వాన గీతలు, కొన్ని ఒక వాలులో, కొన్ని ఇంకో వాలులో. అవి కలంతో లాగిన గీతలు కావు. చెర్రీ చెక్క మీద అటూ ఇటూ ఉన్నదంతా ఉలితో తీసేస్తే మధ్యలో మిగిలిన సన్నటి గట్టే ఒక చినుకు ధార. ఇన్నేళ్లూ పోస్టర్‌లో నేను చూసింది వాన ఫొటోనే!

పైనున్న నల్లమబ్బు ఇంకో అద్భుతం. అచ్చుచెక్క మీద రంగుని తడి బ్రష్‌తో పలచబరుస్తూ పోతారట. కాగితం కాగితానికీ ఆ పని మళ్లీ చెయ్యాలి. అందుకే ఏ రెండు ప్రతుల్లోనూ మబ్బు ఒక్కలా ఉండదు. కొట్టాయన కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని మెల్లగా వెనక్కి తిప్పారు. రంగు అవతలికి ఇంకి ఉంది. బారెన్ అనే గుండ్రటి బిళ్లతో రుద్దిన చారలు కనిపించాయి. ఎవరిదో చెయ్యి అక్కడ తిరిగిందని తెలుస్తూనే ఉంది.

డచ్ చిత్రకారుడు వాన్ గో 1887లో ఈ బొమ్మనే నూనె రంగుల్లో వేసుకున్నాడు. అది గొప్పదే, అయినా నా మనసు ఈ చెక్క వాన మీదే ఉంది.

జింబోచోలో మెట్రో ఎక్కితే అదే లైన్లో హమాచో. దిగి సుమిదా నది గట్టుకి నడిచాం. బొమ్మలోని వంతెన పేరు షిన్ ఒహాషి. ఇప్పుడున్నది 1977లో కట్టింది. స్తంభం మీంచి ఉక్కు తీగలు ఏటవాలుగా దిగుతాయి, కార్లు రయ్యిమని పోతుంటాయి. ఎదురుగా కనిపించేదే బొమ్మలోని అతాకే ఒడ్డు. అప్పట్లో జపాన్‌ని ఏలిన షోగన్ల పెద్ద ఓడ అతాకెమారు ఒకప్పుడు అక్కడ ఉండేది, ఆ పేరే ఊరికి నిలిచిపోయింది. ఇప్పుడు అన్నీ మేడలే. ఆరోజు చినుకు కూడా లేదు. అయినా గట్టు మీంచి కదలబుద్ధి కాలేదు. "పద నాన్నా, చీకటి పడుతోంది" అని మా అమ్మాయి రెండుసార్లు పిలిచింది.

ఊరికొచ్చాక, జింబోచోలో కొన్న ఆ ప్రతిని ఫ్రేమ్ కట్టే అబ్బాయి జిగురు పూసి అట్టకి అతికించెయ్యబోయాడు. ప్రాణం పోయినంత పనైంది. పై అంచున రెండు కాగితం పట్టీలు వేస్తే చాలని బతిమాలాను. రంగు వెలిసిపోకుండా ఎండ తగలని గోడకి తగిలించాం. పండగకి అమ్మాయి వచ్చినప్పుడు ఫ్రేమ్ విప్పి, వెనక్కి తిప్పి ఆ చారలు మళ్లీ చూడాలి.